రాకడ రోజున పంపు డ్యూటీ

నా ఉద్యోగ విరమణకు మూడేళ్ల ముందు, తొలకరి పడుతున్న రోజుల్లో, నన్ను మహారాష్ట్రలోని రాజురా దగ్గర ఒక పాత భూగర్భ గనికి అండర్‌మేనేజర్‌గా బదిలీ చేశారు. అక్కడి నుంచి సాస్తి వైపు చూస్తే కనుచూపు మేర ఓపెన్‌కాస్టులే. నేలను పైనుంచి తవ్వి, ఇల్లంత డంపర్లలో బొగ్గు ఎత్తుకుపోయే గనులవి. వాటి పక్కన మా గని సూపర్ బజారు పక్కన చిల్లర కొట్టులా ఉండేది. మనుషులు తలకు దీపం కట్టుకుని, ఇంక్లైన్ అనే ఏటవాలు సొరంగంలో నడిచి దిగాలి. మావాళ్లు దాన్ని గని అనరు, బాయి అంటారు. అండర్‌మేనేజర్ హోదా మేనేజరుకు కింద, షిఫ్టు పనులు చూసే ఓవర్‌మాన్లకు పైన. బొగ్గు బాగా వస్తే పేరు మేనేజరుది, ఏదైనా తేడా వస్తే సంజాయిషీ అండర్‌మేనేజరుది. ఆ హోదాలో చాలా ఏళ్లు ఉన్నాను కాబట్టి సంజాయిషీలు రాయడంలో నాకు మంచి పేరే ఉండేది.

ఆ గనిలో బొగ్గు కంటే నీళ్లు ఎక్కువ. బొగ్గు పొర ఏటవాలుగా ఉంటుంది. పల్లంగా పోయే వైపును డిప్పు అంటాం. ఊరిన నీళ్లన్నీ డిప్పు చివరన తవ్విన సంపులోకి చేరతాయి. అక్కడ ఒక పెద్ద పంపు రాత్రింబవళ్లు ఆ నీటిని పైకి తోడుతుంది. దాన్ని నడిపే మనిషిని పంపు ఖలాసీ అంటారు. ఆదివారం బొగ్గు తీయడం ఉండదు గానీ, పంపుకు ఆదివారం లేదు. వానాకాలంలో అది ఒక పూట ఆగితే నీళ్లు పంపు గదిలోకి వస్తాయి, మోటారు మునుగుతుంది, దాంతో డిప్పు మొత్తం పోతుంది. మా గని అప్పటికే నష్టాల్లో ఉంది. ఒకసారి మునిగితే పైవాళ్లు మళ్లీ తోడించరు, తాళం వేస్తారు. ఈ సంగతి మేనేజరు నుంచి హాజరీ గుమాస్తా దాకా అందరికీ తెలుసు.

మూడు షిఫ్టులకు ముగ్గురు ఖలాసీలు: ప్రభుదాసు, ఇమ్మానుయేలు, యాకోబు. ముగ్గురూ తెలంగాణ నుంచి బొగ్గు పనికి వచ్చిన కుటుంబాల వాళ్లు. ముగ్గురూ కాలనీ చివర రేకుల కప్పు కింద నడిచే తెలుగు ప్రార్థన మందిరం సభ్యులు. ఇందులో కుట్ర ఏమీ లేదు. పంపు దగ్గర పని ఒంటరి పని, ఎవరూ ఇష్టపడరు. మొదట ప్రభుదాసు చేరాడు. తనకు సహాయకుడిగా ఇమ్మానుయేలును తెచ్చుకున్నాడు. ఇమ్మానుయేలు యాకోబును తెచ్చుకున్నాడు. మోటారు హోరులో ఎంత గట్టిగా కీర్తన పాడుకున్నా అడిగేవాడు ఉండడు కాబట్టి ముగ్గురికీ ఆ చోటు నచ్చింది. అదే మందిరానికి నేనూ వెళ్లేవాణ్ణి. చివరి వరుసలో, ఫ్యాను కింద నా స్థలం.

యాకోబు గురించి కాస్త చెప్పాలి. అతని సర్వీసు రికార్డులో రెండు ఛార్జిషీట్లు ఉన్నాయి, రెండూ డ్యూటీలో నిద్రపోయినందుకే. భూగర్భంలో పనివేళ నిద్రపోవడం గని చట్టం ప్రకారం నేరం. రెండో ఛార్జిషీటు ఇచ్చింది నేనే, వచ్చిన కొత్తలో. విచారణలో అతను దాచుకోకుండా, పంపు నడుస్తుంటే నిద్ర వస్తుందని, ఆగితే దానంతటదే మెలకువ వస్తుందని చెప్పాడు. విచారణ అధికారి దాన్ని నేరాంగీకారంగా రాసుకుని కొన్నాళ్లు సస్పెండ్ చేశాడు. అప్పటి నుంచి గనిలో మరాఠీవాళ్లూ తెలుగువాళ్లూ కలిసి అతన్ని కుంభకర్ణ అని పిలిచేవారు. అతనూ పలికేవాడు.

ఆ మరుసటి ఏడు జూలైలో తెలంగాణ వైపు నుంచి ఒక ప్రసంగీకుడు మా మందిరానికి వచ్చి మూడు రోజుల కూటాలు పెట్టాడు. అంశం ప్రభువు రెండో రాకడ, అంటే ఆయన మళ్లీ దిగివచ్చి తనవాళ్లను ఆకాశంలోకి తీసుకుపోయే దినం. ప్రసంగీకుడు తెలివైనవాడు. ఆ దినం ఎవరికీ తెలియదని గ్రంథంలో ఉంది కాబట్టి దినం చెప్పనంటే చెప్పనన్నాడు. అయితే వచ్చే నెల మూడో ఆదివారం మాత్రం, తెల్లవారినప్పటి నుంచి పొద్దు వాలే వేళ దాకా, ఎవరూ ఇల్లూ వాకిలీ పట్టించుకోకుండా మందిరంలో మెలకువగా ఉండాలన్నాడు. శనివారం సాయంత్రం నుంచే ఉపవాసం, రాత్రంతా జాగరణ. తానూ వచ్చి దగ్గరుండి నడిపిస్తానన్నాడు. దినం చెప్పలేదని మేమంతా ఒప్పుకున్నాం.

చివరి రోజున ప్రభుదాసు లేచి ఒక ప్రశ్న వేశాడు. రాకడ బాకా మోగే వేళకు బాయిలో ఉన్నవాళ్ల సంగతి ఏమిటని. ప్రసంగీకుడు గని ఎప్పుడూ చూడలేదు. మనుషులు నేల కింద పనిచేస్తారని అప్పుడే గుర్తొచ్చినట్టు ఒక్క క్షణం ఆగాడు. ఆ తర్వాత, ఆకాశం కనిపించే చోట ఉన్నవాళ్లు ధన్యులని చెప్పి ప్రార్థనలోకి వెళ్లిపోయాడు. మా సంఘం పాస్టరు గారు పెద్దాయన, నోట్లో మాట ఉన్నా అతిథి ముందు మాట్లాడలేదు. అక్కడ మాట్లాడి ఉంటే నాకు చాలా కాగితం మిగిలేది.

మర్నాడు నా టేబుల్ మీద ముగ్గురి దరఖాస్తులూ ఉన్నాయి. భూగర్భం నుంచి సర్ఫేస్ డ్యూటీకి, అంటే నేల మీది పనికి, మార్చమని. గనిలో ఆరోగ్యం బాగాలేనివాళ్లకు అలా మార్పు ఇస్తాం. కారణం అన్నచోట ముగ్గురూ రాకడ అని రాశారు. రాకడ అయ్యేవరకు మాత్రమే మార్చాలని, ఏ కారణం చేతనైనా అది జరగకపోతే పాత చోటుకే పంపాలని, భూగర్భ అలవెన్సుకు లోటు రాకూడదని ప్రభుదాసు అదనంగా ఒక వాక్యం చేర్చాడు. అతని విశ్వాసం మీద నాకెప్పుడూ అనుమానం లేదు, అతని ముందుచూపు మీద కూడా లేదు.

మేనేజరు నాగపూర్ వైపు మరాఠీ మనిషి, మర్యాదస్తుడు. దరఖాస్తులు చూపించి, ఒకరి రాకకోసం వీళ్లు పైకి రావాలనుకుంటున్నారని వివరించాను. వచ్చేది హెడాఫీసు నుంచా, మైన్స్ సేఫ్టీ నుంచా అని అడిగాడు. రెండూ కాదన్నాను. అయితే పంపు మనుషులు కిందే ఉంటారని తీర్పు చెప్పి, వచ్చేవాళ్లకు గెస్ట్‌హౌస్ అవసరమైతే తనకు చెప్పమన్నాడు.

మార్పు కుదరదని చెప్పాక సెలవుల గొడవ మొదలైంది. ఆ ఆదివారం మొదటి షిఫ్టు వంతు ఇమ్మానుయేలుది. అతనికి మిగిలింది సిక్ లీవు ఒక్కటే. ఒంట్లో బాగున్నప్పుడు సిక్ లీవు పెట్టడం అబద్ధం అవుతుంది, అందులోనూ ఆ రోజున. ఆ అబద్ధంతో ప్రభువుకు ఎదురుపడటం ఎలాగని ముగ్గురూ హాజరీ గది బయట చాలాసేపు తర్కించుకున్నారు. చివరకు ఇమ్మానుయేలు మధ్యేమార్గం కనిపెట్టాడు. సాయంత్రం మొదలయ్యే రెండో షిఫ్టుకు తను వస్తాడట. అప్పటికి సంగతేమిటో తేలిపోతుంది కాబట్టి అభ్యంతరం లేదట. ఆ రెండో షిఫ్టు యాకోబుది. కాబట్టి మొదటి షిఫ్టుకు యాకోబు దిగాలి. శనివారం రాత్రి షిఫ్టు చేసి తెల్లవారేలోపు పైకి వచ్చేస్తానని ప్రభుదాసు ముందే చెప్పేశాడు. మరో గని నుంచి ఖలాసీని అడిగితే, వానాకాలంలో తమ పంపులే తమకు చాలడం లేదని జవాబు వచ్చింది.

నాకు నిజంగా కోపం వచ్చింది. నీళ్లకు రాకడా తెలియదు, ఉపవాసమూ తెలియదు. గని మునిగితే మూడు వందల కుటుంబాలు వీధిన పడతాయి, అందులో మందిరంలో మోకరించేవాళ్లే సగం మంది. కానీ కోపంతో ఖలాసీ తయారు కాడు.

రెండు రోజుల తర్వాత యాకోబు ఆఫీసుకు వచ్చి తన దరఖాస్తు వెనక్కి తీసుకున్నాడు. ఆదివారం దిగుతానన్నాడు. తనకేం ఇబ్బంది లేదు గానీ ఇంట్లో ఒప్పుకోవడం లేదని, నేను ఒకసారి వచ్చి చెబితే మంచిదని అడిగాడు. అధికారులు ఇలాంటి పనులకు వెళ్లరు. నేను వెళ్లాను.

అతని భార్య సుగుణమ్మ నాకు చాయ్ ఇచ్చి గడప దగ్గర కూర్చుంది. ఆమె వాదన విన్నాక నా దగ్గరున్న మాటలన్నీ పనికిరాకుండా పోయాయి. వాళ్లకు ఒక్కడే కొడుకు, ఆనంద్. బడికి పోయే వయసులో జ్వరం వచ్చి పోయాడు. గని పక్క గుట్ట మీది సమాధుల తోటలో పెట్టారు. ప్రభువు వచ్చేటప్పుడు ముందుగా లేచేది చనిపోయినవాళ్లే కదా.

“పిలగాడు లేవంగనే ముందుగాల మమ్ముల్నే దేవులాడుతడు సార్,” అంది. “ఈయన బాయిల ఉంటే వానికి నాయిన ఏడ కనబడాలె?”

యాకోబు గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. సమాధుల్లోంచి లేపేవాడికి బాయిలోంచి లేపడం ఒక లెక్కా అని అతను ఇప్పటికే ఆమెతో వాదించి ఓడిపోయాడట. ఆమెకు దేవుడి శక్తి మీద అనుమానం లేదు. అంత గుంపులో బిడ్డ బెదిరిపోతాడేమోనని ఆమె భయం.

వేదాంతం నాకు రాదు. గని నక్షా, అంటే పటం, చదవడం మాత్రం వచ్చు. పైన ఊరు గానీ, రోడ్డు గానీ, సమాధులు గానీ ఉన్నచోట కింద పైకప్పును మోసే బొగ్గు స్తంభాలను కదపకూడదని నిబంధన. అక్కడ వాటిని శాశ్వతంగా వదిలేస్తాం. స్తంభాలు తీయని చోటు కాబట్టి పైకప్పు గట్టిగా ఉంటుంది, అందుకే పంపు గదిలాంటివి అక్కడే పెడతాం. మా పంపు గది ఆ సమాధుల తోట కిందే ఉంది. ఈ సంగతి నాకు చాలా కాలంగా తెలుసు గానీ, ఎవరికైనా ఉపయోగపడుతుందని ఎప్పుడూ తోచలేదు. సుగుణమ్మకు అదే చెప్పాను. పంపు దగ్గర నిలబడిన మనిషి ఆనంద్ కిందే ఉంటాడని.

“సరిగ్గ కిందనేనా సార్?” అని అడిగింది.

సర్వేలో కొద్దిగా అటూ ఇటూ ఉండవచ్చని నిజం చెప్పాను. ఆమె వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది. తర్వాత లేచి ఖాళీ కప్పు తీసుకుంటూ, అయితే తను మందిరానికి పోనని, పిల్లవాడి దగ్గరే ఉంటానని అంది. పైన ఆమె, కింద ఆయన, మధ్యలో వాడు. బయటికి వచ్చాక యాకోబు కాలనీ మలుపు దాకా నా పక్కన నడిచి వెనక్కి వెళ్లిపోయాడు.

భూగర్భంలో ఎవరినీ ఒంటరిగా ఉంచకూడదు. మామూలుగా ఖలాసీకి ఒక సహాయకుడు ఉంటాడు. ఆ సహాయకుడు కూడా మందిరం మనిషే. కాబట్టి ఆ ఆదివారం యాకోబుతో నేను దిగాను. ఆ సంగతి ముందే చెప్పినప్పుడు నా భార్య నన్ను ఆపలేదు. ప్రభువు వచ్చినా నన్ను ముందు సంజాయిషీయే అడుగుతాడని, ఎక్కడుంటే ఏమిటని అంది. తను తెల్లచీర కట్టుకుని శనివారం సాయంత్రమే మందిరంలో ముందు వరుసలో చాప పరిచేసుకుంది.

ఇంక్లైన్ దగ్గర ప్రభుదాసు మాకు ఎదురొచ్చి, నీళ్లు ఎక్కువగా వస్తున్నాయని చెప్పి, ఆకాశం వైపు చూసుకుంటూ పరుగులాంటి నడకతో వెళ్లిపోయాడు. ఛార్జి అప్పగించేది పంపు దగ్గర, ఇంక్లైన్ దగ్గర కాదు. ఆ రోజుకు వదిలేశాను.

పంపు గదిలో ఒక చెక్క బల్ల ఉంది. యాకోబు రెండు ఛార్జిషీట్లూ ఆ బల్ల మీదే సంపాదించాడు. నేను దాని మీద కూర్చున్నాను. అతను కూర్చోలేదు. గేజి దగ్గర ఒక చేయి మోటారు మీద వేసి నిలబడ్డాడు. ఎంతసేపైనా అలాగే ఉన్నాడు. రెండు మూడుసార్లు తల వాలింది, కాళ్లు మార్చుకున్నాడు, మొహం మీద నీళ్లు చల్లుకున్నాడు. కూర్చోమని నేనే చెప్పాను. ఆ రోజు కూర్చోనన్నాడు. దినం సంగతి నమ్ముతున్నావా అని అడిగాను. నమ్మకపోవడమేమీ లేదన్నాడు. నమ్మితే ఇక్కడికి ఎందుకు దిగావని అడిగాను.

“మీరు రాంగ నేను పండుకొని దొరికిన సార్,” అన్నాడు. “ఆయన వచ్చినప్పుడన్న నా జాగల నేను నిలబడి దొరకాలె గద.”

మధ్యాహ్నం దాటాక పంపు హోరు సన్నబడింది, గేజి ముల్లు కిందికి జారింది. సంపులోకి వచ్చిన బురద పీల్చే గొట్టం చివరన జాలీకి పట్టేసింది. అలాగే నడిపితే మోటారు కాలిపోతుంది. ఆపితే నీళ్లు పెరుగుతాయి. ఆపాం. గొట్టాన్ని ఇద్దరం పైకి లాగి, మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి జాలీ కడిగాం. ఎన్నో ఏళ్లుగా నేను బురదలో చేయి పెట్టలేదు. మళ్లీ గొట్టం దించి, పంపులోకి నీళ్లు పోసి గాలి పోగొట్టి, స్విచ్ వేసేసరికి నీళ్లు పంపు గది గుమ్మాన్ని తాకాయి. పంపు అందుకుంది. గుమ్మం దగ్గర నీళ్లు ఆగి, వెనక్కి తగ్గడం మొదలయ్యేదాకా మేమిద్దరం తల దీపాలు వాటి మీదే పెట్టి నిలబడ్డాం. నాకు అప్పుడు భయం వేసిందని చెప్పడానికి సిగ్గుపడను.

షిఫ్టు అయిపోయింది. ఇమ్మానుయేలు రాలేదు. రిలీవర్, అంటే తర్వాతి షిఫ్టు మనిషి, వచ్చి ఎదురుగా నిలబడి ఛార్జి తీసుకుంటే తప్ప ఖలాసీ చోటు వదలకూడదు. రౌండ్లకు వచ్చిన రెండో షిఫ్టు ఓవర్‌మాన్‌ను యాకోబు దగ్గర ఉంచి, నేను పైకి వచ్చాను. సన్నగా వాన పడుతోంది. సమాధుల తోట గేటు దగ్గర గొడుగు కింద సుగుణమ్మ నిలబడి ఇంక్లైన్ వైపే చూస్తోంది. పొద్దున్నుంచి ఆమె అక్కడే ఉంది. నేను ఒంటరిగా కనబడేసరికి ఆమె గబగబా ఎదురొచ్చింది. యాకోబు బాగానే ఉన్నాడని, ఇమ్మానుయేలు రాలేదని చెప్పాను. ఆమె గొడుగు మూసి, నాకంటే ముందే మందిరం వైపు నడిచింది.

మందిరంలో అందరూ నిద్రపోతున్నారు. ఉపవాసం, రాత్రి జాగరణ, చల్లటి వాన, రేకుల మీద ఒకే తీరు చప్పుడు. వాళ్లను తప్పు పట్టలేం. చాపల మీద వరుసగా పడి ఉన్నారు. ప్రభుదాసు నోరు తెరిచి గురక పెడుతున్నాడు. ముందు వరుసలో నా భార్య తెల్లచీర కొంగు మొహం మీదికి లాక్కుని ఉంది. ప్రసంగీకుడు నా స్థలంలో, ఫ్యాను కింద, బైబిలు తలకింద పెట్టుకుని గాఢంగా నిద్రపోతున్నాడు. పాస్టరు గారు ఒక్కరే గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి పక్కకు జరిగి దారి ఇచ్చారు.

సుగుణమ్మ కాళ్లను తప్పించుకుంటూ వెళ్లి ఇమ్మానుయేలు భుజం పట్టుకుని కుదిపింది. అతను దిగ్గున లేచి, తడిసిన చీరలో తన మీదికి వంగి ఉన్న మనిషిని పోల్చుకోలేక, “వచ్చిండా?” అన్నాడు.

“ఆయన రాలే. నీ షిఫ్టు వచ్చింది,” అంది సుగుణమ్మ. “లే. మా ఆయన బాయిల నీ కోసం నిలబడి ఉన్నడు.”

ఇమ్మానుయేలు చెప్పులు వెతుక్కోకుండానే లేచాడు. బూట్లు, హెల్మెట్ హాజరీ గదిలో ఉన్నాయి కాబట్టి ఇబ్బంది కాలేదు. నేను నా భార్యను లేపలేదు. లేపితే ఆ పరిస్థితిలో నేను చూశానని ఆమెకు తెలుస్తుంది, అది మా ఇద్దరికీ మంచిది కాదు.

చీకటి పడే ముందు యాకోబు ఇంక్లైన్‌లోంచి బయటికి వచ్చాడు. నడుము దాకా బురద. దీపం తీసి దీపాల గదిలో ఇచ్చి, హాజరీ వేసుకుని, గేటు దాకా వచ్చాడు. సుగుణమ్మ అక్కడే ఉంది. అతన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసింది.

“నీళ్లు దిగినయా?” అని అడిగింది.

“దిగినయ్. నువ్వు ఏమన్న తిన్నవా?”

తినలేదని తల ఊపింది. ఇద్దరూ కాలనీ దారి పట్టారు. గొడుగు ఉండి కూడా ఎవరూ విప్పలేదు.

ప్రసంగీకుడు ఆ రాత్రి, తాను దినం చెప్పలేదని మరోసారి గుర్తు చేసి, ప్రయాణమయ్యాడు. అది నిజమే. సోమవారం ఉదయం ప్రభుదాసు తన దరఖాస్తులోని అదనపు వాక్యాన్ని అమలు చేయమని అడగడానికి వచ్చాడు. మార్పే జరగలేదు కాబట్టి అమలు చేయడానికి ఏమీ లేదన్నాను. గని మునగలేదు. అది ఇప్పటికీ నష్టాల్లోనే నడుస్తోంది.

ఈ ఉదంతం తర్వాత మూడు షిఫ్టుల పంపు డ్యూటీకి ఒకే మందిరం వాళ్లను పెట్టే పద్ధతి ఆపేశాను. ప్రభుదాసు స్థానంలో కోర్పనా నుంచి వచ్చిన ఒక మరాఠీ ఖలాసీని వేశాను. అతను గణపతి నిమజ్జనం రోజున సెలవు అడిగాడు. ఆ రోజు యాకోబు దిగాడు. అతని రికార్డులోని ఛార్జిషీట్లు తీసేయించాలని నేను ప్రయత్నించాను. నిలబడినందుకు తీసేసే నిబంధన లేదని జవాబు వచ్చింది.

రాకడకు ఎలా సిద్ధపడాలో ఎన్నో కూటాల్లో విన్నాను, చివరి వరుసలో కూర్చుని. రిలీవర్ వచ్చి ఛార్జి తీసుకునేదాకా ఎవరూ తమ చోటు వదలరాదని మా గని స్టాండింగ్ ఆర్డర్లలో మొదటి నుంచీ ఉంది. దాని కింద నేనే ఎన్నోసార్లు సంతకం చేశాను. అప్పటిదాకా అది పంపుల గురించే రాసిందనుకున్నాను.